దుఖ్తయ్

సిరొంచ సర్కారు దవాఖానల
పదకొండేండ్ల సంది నేను స్వీపర్ని.
కాగితం మీద గంతే.
పొద్దుగాల పదింటి సంది ఒంటిగంట దాక మాత్రం
నేనొక నోటిని.
డాక్టరీణ్ బాయిది నాగపూర్ దిక్కు, తెలుగు రాదు.
ఊళ్లకెల్లి వచ్చే ఆడోళ్లకు మరాఠీ అంతంతే.
నడుమ నేను,
చీపురు గోడకు ఆనిచ్చి.

"నాలుగేండ్లాయె, పొత్తికడుపుల నొప్పి" అన్నది మదునక్క.
"పోట్ దుఖ్తయ్" అన్న నేను.
బాయి రాసుకున్నది.
వేల సార్లు అన్న మాటే.
ఆ పొద్దే ఎందుకో చెవికి తగిలింది.
పోట్ దుఖ్తయ్.
పొట్ట దుఃఖపడుతున్నది.
ఏటి అవతలి మాటల
తల దుఃఖపడ్తది, నడుము దుఃఖపడ్తది,
ముల్లిరిగిన మడిమె సుత దుఃఖపడ్తది.
మనమేమో నొప్పిని ఒక కుండల, దుఃఖాన్ని ఒక కుండల పెట్టి
మూతలేసుకున్నం.

కేస్ పేపర్లన్నీ సూదీదారంతోని కుట్టుకున్నది మదునక్క,
బడిపిల్ల నోట్‌బుక్కు లెక్క.
అహేరి, చంద్రపూర్, ప్రాణహిత దాటి మంచిర్యాల.
సోనోగ్రఫీ రెండుసార్లు. ఏం లేదన్నరు.
గ్యాస్ గోళీలు.
మూత్రం మంటకు గోళీలు, తగ్గుడు, మళ్ల లేసుడు.
నెల తప్పుడు, వస్తే పదిహేను దినాలు ఆగకపోవుడు.
నిద్రకు సగం గోళీ.
ఆ సగం నిద్రల పండ్లు కొరికి కొరికి
ఎడమ దవడపన్ను నిలువున పగిలింది,
దానికి వేరే చీటీ.
ఒక్క పెయ్యి.
ఒక్కో ముక్కను ఒక్కో తలుపుకాడ
వరసల నిలబెట్టి వచ్చింది.

"బల్ల మీద పండుకోమను, చూస్త" అన్నది బాయి.
పండుకోమన్న.
ఎక్కింది పాపం, చెప్పులు సుత వరసగ విడిచి.
తెర గుంజిన.
రింగులు ఇనుప కడ్డీ మీద గరగరమన్నయి.
గంతే.
మోకాళ్లు గదుమ దాక గుంజుకున్నది,
వేళ్లు సల్లగ కట్టెలైనయి,
కండ్లు తెరిచే ఉన్నయి గని
ఆ గదిల లేవు.
"బిగవట్టొద్దని చెప్పు, వదులు చెయ్యమను."
మరాఠీల చెవిలకు వచ్చిన ఆ మాట
తెలుగుల బయటికి రాలే నాకు.

తునికాకు కల్లం కాడ ఏమైందో ఆమె చెప్పలే.
నేను అడగలే.
ఎండిన ఆకు వాసనొస్తే కక్కుకుంట అన్నది,
బీడీ ముట్టిచ్చినోడు పక్కపొంటి పోయినా.
నాలుగేండ్ల కింద, ఎండకాలం.
గీ మాత్రం లెక్క నాకొస్తది.

"బాయికి చెప్పాల్నా?" అని చెవిల అడిగిన.
చానసేపు తెర దిక్కే చూసింది.
"నీ నోటితోని చెప్పు. నాది రాదు."

చెప్పాల్సిన మాట అటు ఇటు ఒక్కటే.
అత్యాచారం అన్నా, అత్యాచార్ అన్నా
పేపర్ల రాస్తరు, టీవీల అంటరు,
తర్జుమా అక్కరలేదు దానికి.
అందుకే అనలేకపోయిన.
పండుకున్నామెకు సుత సమజైతది గద.
ఇంత ఎతికి,
"పోట్ నాహీ, బాయి" అన్న, "తిలా దుఖ్తయ్."
పొట్టకు కాదు.
ఆమెకు.

బాయి పెన్ను మూత పెట్టింది.
తన చేతితోనే తెర తీసింది, మెల్లగ.
"దిగుమను. ఈ పొద్దు ముట్టుకోను.
కూసోమను, నీళ్లియ్యి.
నువ్వు చెప్పేదాక చూడనని చెప్పు."
ఇది మాత్రం చెప్పిన, ఒక్క అక్షరం పోకుంట.
బయట ముప్పైనాలుగు నంబరోడు
తలుపు కొడుతనే ఉన్నడు.

ఆ రాత్రి రింగులన్నీ ఊడదీసిన.
పాత చీర అంచు చింపి నాడలు కుట్టిన తెరకు.
ఇప్పుడు చప్పుడు లేకుంట జరుగుతది,
జరిగిందా లేదా అని రెండుసార్లు చూసుకోవాలె.

మంగళారం మళ్ల వచ్చింది మదునక్క.
తగ్గిందా అంటే లేదన్నది.
బల్ల దిక్కు చూడలే.
పన్నుకు టోపీ ఎయ్యాల్నట,
ఎన్ని పైసలైతయో
బాయిని అడుగుమన్నది.